కదలకు కన్నా!

మూడేళ్ల పిల్లలు రోజుకు కనీసం 180 నిమిషాలు ఒళ్లు కదిలించాలని, అందులో ఓ గంటైనా రొప్పొచ్చేలా గంతులేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఏకబిగిన గంటకు మించి కట్టిపడేయొద్దనీ అంది. జెనీవాలో కూర్చుని ఎన్నయినా చెప్పొచ్చు. మన నర్సరీలో టీచరమ్మ గారి ఆజ్ఞ ముందు అవన్నీ బలాదూర్: 'చేతులు కట్టుకో, నోటి మీద వేలేసుకో!'

రెండూ ఒకేసారి ఎలా చేయాలో ఆ పసివాడే తేల్చుకోవాలి. బహుశా రోజంతటికీ వాడికి దక్కే వ్యాయామం అదే.

గోడ మీద కుందేలు పరుగెడుతూ ఉంటుంది. పిల్లలకు మాత్రం చోటుండదు. మూలనున్న ప్లాస్టిక్ జారుడుబల్లకు అడ్మిషన్ల సీజన్లో దుమ్ము దులుపుతారు. వార్షికోత్సవానికి సినిమా పాట మీద స్టెప్పులు సరేసరి.

ఆటలే చదువని 2022 నాటి జాతీయ పునాది దశ పాఠ్యప్రణాళిక కూడా అంటోంది. అన్నా, 'ఏబీసీడీలు ఎంతవరకు వచ్చాయి?' అనే అమ్మానాన్నలకు ఎవరు చెప్పాలి? మోకాలు గీసుకుంటే వాట్సాప్ గ్రూపులో కురుక్షేత్రం చేసేదీ వాళ్లే మరి.

చెమ్మచెక్కకు ఎకరం నేల అక్కర్లేదు, ఒప్పులకుప్పకు ఫీజు కట్టక్కర్లేదు. అందుకే కాబోలు, బ్రోషర్లలో వాటికి చోటు లేదు.

వచ్చే జూన్‌లో అడ్మిషన్‌కు వెళ్లేవారు ఏసీ గది సంగతి తర్వాత అడగండి. పిల్లలు పరుగెత్తే చోటేదో ముందు చూపించమనండి.