గుప్తబంధనాచార్యుడు

ఇంగ్లండులో బర్మింగ్‌హాము చెంతనున్న వాల్సాల్ పట్టణము తరతరములుగా జీనులకును కళ్ళెములకును పుట్టినిల్లు. అచ్చటి ఫుట్‌బాలు జట్టునకు సైతము జీనుల పనివారను ముద్దుపేరే స్థిరపడినది. హాస్యరచయిత జెరోమ్ కె. జెరోమ్ 1859లో జన్మించినదియు ఆ యూరిలోనే గాన, అక్కడ వింతమనుష్యులకు కొఱత యుండునని నేననుకొనను. అట్టివారిలో ఒక జాతివానిని, తోలుపనిలోని బిగింపులను పరుల కంటబడకుండ దాచుటయే పరమపురుషార్థముగా నెంచుకొన్నవానిని, ఇచ్చట వర్ణింపబూనితిని. అతనికి పేరు పెట్టుట యనవసరము. గుప్తబంధనాచార్యుడను బిరుదమొక్కటి చాలును.

గుఱ్ఱము వచ్చుచుండగా మనకు గుఱ్ఱము కనబడును, ఎక్కినవాడు కనబడును. ఆచార్యునకు బకిలు కనబడును. తళతళ మెఱయుచు నాలుక చాపియున్న ఆ బకిలును చూచినంతనే, పెద్దలయెదుట చొక్కాగుండీలు విప్పుకొని నిలుచున్నవానిని చూచినట్లు అతడు మొగము త్రిప్పుకొనును. ఇక రివెట్టు మాట అతనియెదుట ఎత్తనే కూడదు. "రివెట్లు కొట్టువాడు పెట్టెలు చేసికొని బ్రతుకవచ్చును, గుఱ్ఱముల జోలికి వానికేమి పని?" యనును.

అతని సర్వస్వమును ఒక చిన్న యిత్తడి కొక్కెమునందున్నది. కళ్ళెపు చెంపపట్టీ కొన నోటియినుము కడియములో దూరి, లోపలివైపునకు మడతపడి, తోలుఉంగరము క్రిందుగా పోయి, అచ్చట పట్టీ వెనుకభాగమున కుట్టి బిగించిన కొక్కెమునకు తన చీలికను తగిలించుకొనును. గుఱ్ఱము ఎంత లాగిన కొక్కెము చీలికలో అంత కూరుకొనును. వెలుపలినుండి చూచువారికి నునుపైన పట్టీయు, దానిపై అడ్డముగా ఒకటిరెండు తోలుఉంగరములును తప్ప మఱేమియు గోచరింపదు. ఆ పట్టీ యే దైవబలముచేత కడియమును పట్టుకొని వ్రేలాడుచున్నదో తెలియక తెల్లబోవలసినదే.

ఆ కొక్కెమును నిలిపిన కుట్టును కూడ దాచనిచో అతనికి తృప్తి లేదు. తోలుపై సన్నని గాడి తీసి, పొడవైన కొయ్యపట్టకారును మోకాళ్ళనడుమ ఇఱికించుకొని, తేనెమైనము పట్టించిన నారదారము రెండుకొనలకును రెండు సూదులెక్కించి, ఆరెతో పొడిచిన ప్రతిరంధ్రమునను ఆ రెంటిని ఎదురెదురుగా దూర్చి, అంగుళమునకు 10, 12 కుట్లు పడునట్లు లాగును. ఇట్టి కుట్టులో ఒకటి తెగినను ప్రక్కది చలింపదు. పిమ్మట సుత్తితో మెత్తగా తట్టి, అంచులు చెక్కి, రంగు పూసి, మెఱుగుపెట్టినమీదట, కుట్టినవాడే తన కుట్టును వ్రేలితో తడవి వెదకుకొనవలసివచ్చును. బండిగుఱ్ఱపు గంతలలో ఇనుపరేకును రెండు తోళ్ళనడుమ సమాధిచేయునప్పుడు సైతము అతనికింత పులకింత కలుగదు.

చిక్కెల్ల కళ్ళెము అంగడి దాటిన తరువాతనే. క్రొత్తతోలు బిఱుసుగా నుండును. కొక్కెము విడిపింపవలెనన్న పట్టీకొనను తోలుఉంగరముగుండ వెనుకకు నెట్టవలెను, ఈ మర్మమెఱుగని సాయీసు కుఱ్ఱడు దానిని లాగును, లాగినకొలది బిగియును, గోళ్ళు విఱుగును, తుదకు కళ్ళెము భుజాన వేసికొని అంగడికి వచ్చును.

"ఇది యూడి రాదు మేస్త్రీ!"

"లాగితివా?"

"నా శక్తికొలది లాగితిని."

"లాగరాదు నాయనా" అని ఆచార్యుడు వానికి వీపు త్రిప్పి, బొటనవ్రేలితో ఒక్క నెట్టు నెట్టి, విడివడిన కళ్ళెమును బల్లమీద పెట్టును. ఎట్లు నెట్టెనో మాత్రము చూపడు.

కొక్కెముకంటెను పై మెట్టు ఒకటి కలదు. పగ్గమును కడియమునకు నేరుగా కుట్టివేయుటయే అది. వేటకు పోవు పాతకాలపు దొరలు దానినే మర్యాదగా నెంచిరి. బకిలు లేదు, కొక్కెము లేదు, పేచీ లేదు. అయితే నోటియినుము మార్చవలసినప్పుడెల్ల కుట్లు కోసి మరల కుట్టింపవలెను. కుట్టవలసినవాడు ఆచార్యుడే. సౌందర్యమునుగూర్చి అతడు చెప్పు మాటలన్నియు నేను నమ్ముదును గాని, ఈ యొక్క ఘట్టమున సౌందర్యమునకు తోడు కూలియు గిట్టుబాటగుచున్నదని మనవిచేయక తప్పదు.

ఎవరును చూడకూడదని దాచినదానిని నిజముగా ఎవరును చూడకపోయినచో, అతనికి ఆ రాత్రి నిద్ర పట్టదు. 1988లో తెఱచిన ఆ యూరి తోలుపనుల ప్రదర్శనశాలకు చుట్టములను తీసికొనిపోయి, గాజుపెట్టెలోని కళ్ళెము వెనుకప్రక్కను చూచుటకై మెడ వంచి, చెంప గాజునకానించి, కావలివానిచేత హెచ్చరిక చెప్పించుకొనును.

గుఱ్ఱముల ప్రదర్శనలో అతనిని చూడవలెను. తాను చేసిన కళ్ళెము బరిలోనికి వచ్చునంతవఱకు కంచె నానుకొని నిలుచుండి, ప్రక్కనున్న అపరిచితునితో, "అయ్యా, ఆ పగ్గము కడియమునకెట్లు అంటియున్నదో తమకేమైన తోచుచున్నదా?" యని మెల్లగా కదపును.

"కుట్టియుందురు" అని ఆయన సమాధానము.

కొక్కెము పనివానికి ఇంతకు మించిన ప్రశంస లేదు. ఆ మాట మూటగట్టుకొని ఇంటికి పోయిన బాగుండును. పోడు. "కుట్టలేదండీ!" యని, జేబులోనుండి నమూనాపట్టీ పైకి తీసి, కొక్కెము చూపి, చీలిక చూపి, నెట్టు విధము చూపి, సాయీసు కుఱ్ఱనికి దాచిన రహస్యమునంతయు ముక్కు మొగము తెలియనివానికి అరగంటలో ధారపోయును. ఆయన యోపికగా విని, "బాగుగానే యున్నది గాని, బకిలు పెట్టిన ఇంత శ్రమ తప్పెడిది గదా!" యనును.

ఆచార్యుడు పట్టీని జేబులో పెట్టుకొని, కంచె వెంబడి నాలుగడుగులు ప్రక్కకు జరిగి, అచ్చట నున్న పెద్దమనుష్యుని, "అయ్యా, ఆ పగ్గము..." అని పలుకరించును.