మీరు రావలసింది!

ధనుర్మాసము వైష్ణవులకు తిరుప్పావై మాసము, భోజనప్రియులకు దధ్యోదనమాసము, చెన్నపట్టణవాసులకు వీనితోపాటు సంగీతమాసము. 1927లో కాంగ్రెసు మహాసభతోపాటు ఈ నగరమున జరిగిన సంగీతసదస్సునకు ఫలముగా మరుసటి యేట మ్యూజిక్ అకాడమీ అవతరించిన పిదప క్రమముగా, డిసెంబరు వచ్చినదనగా మైలాపూరు మొదలుకొని త్యాగరాయనగరము వఱకుగల సభామందిరములు ఉదయము ఉపన్యాసములతోను, మధ్యాహ్నము వర్ధమానగాయకుల కచేరీలతోను, సాయంకాలము మహావిద్వాంసుల గానముతోను, అన్నివేళలను వంటశాలల పరిమళముతోను నిండియుండుట ఆచారమైనది. ఇచ్చటికి వచ్చు రసికులు బహువిధములు. తమ తొడపై తాళము వేయుచు, ఉద్రేకము హెచ్చినపుడు పొరుగువాని తొడను సైతము వినియోగించుకొనువారు కొందఱు. గాయకుడు రాగమెత్తుకొనుటయే తడవుగా చేతిలోని చిన్నపుస్తకమును తిరుగవేసి, రాగనామమును గుసగుసలాడి, ఆ గుసగుస నాలుగు వరుసలకు వినబడినదో లేదో వెనుదిరిగి చూచుకొనువారు కొందఱు. రవదోసెయొక్క ఆరోహణావరోహణములను చర్చించుటకే వచ్చి, మధ్యమధ్య సభలోనికి తొంగిచూచి పోవువారు మఱికొందఱు.

వీరందఱును సామాన్యులు. నేను వర్ణింపబూనిన మహనీయుడు వీరికి పై అంతస్తువాడు. మాకును పై అంతస్తువాడే, మా యింటి మేడమీద కాపురమున్నాడు. పుట్టినది కృష్ణాతీరము, పెరిగినది చెన్నపట్టణము, విశ్రాంతి పుచ్చుకొన్నది ప్రభుత్వోద్యోగము. ప్రతినెల కడపటి సాయంకాలమున మా వసారాలో పడకకుర్చీ వేయించుకొని, దినచర్యపుస్తకము విప్పి, ఆ నెలలో తాను వినినవానిలోను కనినవానిలోను ఉత్తమోత్తమములను నిర్ణయించి ప్రకటించుట ఆయన అవలంబించిన వ్రతము. ఉత్తమ రాగాలాపన ఇది, ఉత్తమమైన నెరవు ఇది, ఉత్తమ నాట్యము ఇది, చలనచిత్రము ఇది అని ఒక్కొక్కటియే చదివి, కండ్లజోడు తీసి, నావంక సానుభూతితో చూచి, "మీరు రావలసింది, మాస్టారూ!" అనును. పరలోకగతుడైన బంధువునుగూర్చి పరామర్శించు కంఠస్వరమునకును ఆ స్వరమునకును భేదము నేనింతవఱకు కనిపెట్టలేదు.

ఆయన విద్వత్తును శంకింపరాదు. తెలుగు తన సొంత ఆస్తియనియు, అరవదేశపు గాయకులు దానిని బాడుగకు పుచ్చుకొన్నవారనియు ఆయన విశ్వాసము. త్యాగరాజకృతి పాడుచు ఎవరైనను పదమును విఱువరానిచోట విఱిచి, తలను ఒక ఆవర్తమునను మొండెమును వేఱొక ఆవర్తమునను పడవైచినచో, ఆయన ముఖమున కలుగు బాధ వేదికమీదివారికిని కనబడును. ఆ బాధను సరిదిద్దుకొనుటకై ఆయన తానే ఆ పాదమును సక్రమముగా, కొంచెము బిగ్గఱగా, ఉచ్చరించును. ముందువరుసవారు వెనుదిరిగి చూతురు. దానిని ఆయన కృతజ్ఞతగా స్వీకరించును.

తనియావర్తనము వేళ కథ వేఱు. గాయకుడు చేతులు కట్టుకొని, మృదంగమునకును ఘటమునకును రంగమును విడిచినవెంటనే సభలో సగము కాఫీకై లేచుట చిరకాలధర్మము. లయవిద్వాంసులు దీనికి మనసులో ఎంత నొచ్చుకొందురో చెప్పజాలము. ఆ వేళ మన రసికుడు మాత్రము చలింపడు. ఇది లయానురాగమేయని నేను చాలకాలము గౌరవించితిని. క్రమముగా తెలియవచ్చినదేమనగా, లేచిపోయినవారు మరలివచ్చి కూర్చుండునపుడు వారికి చెప్పుటకు ఒక మాట సిద్ధముగా నుండవలెను. ఆ మాటకై ఆయన మిశ్రచాపు యావత్తును ఓర్చుకొనును. ఒకనాడు నేను వేడికాఫీతో నాలుక కాల్చుకొని పరుగున వచ్చి చూడగా, ఆయన కన్నుల నీరు నించుకొని, "అయిపోయిందండీ" అనెను. తెలియనివాడెవడైనను మృదంగవిద్వాంసునికే ఏదో ఆపద మూడినదని తలచును.

కచేరీ కొసలో పాడు పదములపై ఆయనకు గల మక్కువయు ఇట్టిదే. క్షేత్రయ్య కృష్ణాజిల్లా మొవ్వవాడని ప్రతీతి. ఆ మువ్వగోపాలుని పదములు చెన్నపట్టణమున వీణ ధనమ్మాళ్ ఇంట నిలిచి, ఆమె మనుమరాండ్రైన బృందాముక్తల కంఠములలోను బాలసరస్వతి అభినయములోను ఈ కాలమునకు చేరినవి. ఇది గొప్ప కథయే. తెలుగువాడు తలవంచి వినవలసిన కథ. ఆయన దీనిని కన్నీరు తెప్పించునట్లు చెప్పగలడు. కాని పదము వచ్చువేళకు రాత్రి తొమ్మిది దాటును. సభ్యులు చెప్పులు వెదకుకొనుచుందురు. ఆ సమయమున మిగిలిన పదిమందిలో తానొకడగుటయే ఆయన చెప్పు కథకు ఆయువుపట్టు. పదమును సాయంకాలము ఐదింటికే పాడినచో ఆయన క్షేత్రయ్యను అంతగా ప్రేమించియుండునా యని నాకొక దురాలోచన కలదు.

చలనచిత్రములందును ఇదే సూత్రము. 'మాయాబజార్' రంగులద్దుకొని 2010లో మరల విడుదలైనపుడు నేను సకుటుంబముగా చూచి, పరమానందభరితుడనై, ఆయనకు ఆ మాట చెప్పితిని. "రంగులా!" అని ఆయన జాలిపడెను. మార్కస్ బార్‌ట్లీ ఛాయాగ్రహణమున ఆ వెన్నెల నలుపుతెలుపులలో ఎట్లుండెనో, తెరమీద ఘటోత్కచుని చూచి జనమెట్లు కేకలు వేసిరో వర్ణించి, "1957లో చూడాలండీ, బెజవాడలో, మొదటి ఆటకి! మీరు రావలసింది" అనెను. ఆయన పింఛను కాగితములపై జన్మసంవత్సరము 1956 అని యుండుట నేనెఱుగుదును. తల్లి యొడిలో పాలు త్రాగుచు బార్‌ట్లీ వెన్నెలను పరిశీలించిన శిశువుతో వాదించుట యెట్లు?

మొన్నటి డిసెంబరున నాకు పౌరుషము వచ్చినది. ఆ నెలయంతయు ఆయనను నీడగా వెన్నంటుటకు నిశ్చయించుకొంటిని. ఆయన వెళ్లిన ప్రతి సభకును వెళ్లితిని; ఆయన కూర్చున్న వరుసలోనే కూర్చుంటిని; తనియావర్తనమున కాఫీ మానితిని; పదము ముగిసి మంగళము పాడువఱకు చెప్పులవైపు చూపు పోనీయలేదు. భార్య నన్ను చూచి, ఎవరైనను స్వాములు దీక్ష ఇచ్చిరాయని అడిగెను. నెల గడచి, కడపటి సాయంకాలము వచ్చి, పడకకుర్చీ వెలువడినది. ఈసారి ఏమనునో చూతమని గుండె దిటవు పఱచుకొని ఎదుట కూర్చుంటిని.

ఆయన పుస్తకము విప్పి, చాలసేపు మౌనము వహించి, "కచేరీలన్నీ బాగానే ఉన్నాయి, మాస్టారూ. మామూలుగా ఉన్నాయి" అనెను. నేను వినిన కాంభోజి మామూలైనది. నేను మేలుకొని వినిన పల్లవి మామూలైనది. "కాని ఒకటి చెప్పాలి. ఆ శనివారం తెర లేవకముందు, లోపల తంబూరా శ్రుతి చేసుకొంటూ ఆ గాయని నాలుగు స్వరాలు అనుకొన్నదే, అదీ సంగీతం! తర్వాత పాడినదంతా దానికి వ్యాఖ్యానం." ఆ శనివారము తెర లేవకముందు నేనెచ్చటనుంటినో నాకు బాగుగ జ్ఞాపకము. ఆయన వాహనమును నిలుపుటకు వీధిచివర చోటు వెదకుచుంటిని.

పిదప జనవరి తొలివారమున ఆయనకు జలుబు చేసినది. ఆ సాయంకాలము వాణీమహల్‌కు నేనొక్కడనే పోయితిని. చిత్తూరు నాగయ్యగారు స్థాపించిన సభ గనుక అచ్చట కూర్చున్నపుడు తెలుగువానికి పుట్టింట నున్నట్లుండును. ఆనాటి గాయని పాడిన తోడియో, నిజముగ తోడియే. నేను ఇంటికి వచ్చి చెప్పులైన విడువక మేడయెక్కి, కంబళి కప్పుకొని మిరియాలకషాయము త్రాగుచున్న ఆయన యెదుట నిలిచి, ఎన్నియేండ్లుగనో దాచుకొన్న మాటను నిండునోట వదలితిని:

"మీరు రావలసిందండీ!"

ఆయన కషాయము ముగించి, మూతి తుడుచుకొని, "తోడి పాడిందా? పాడుతుంది. ఆ తోడిని నిరుడు ఇదే వాణీమహల్‌లో విన్నాను. అదయ్యాక ఇంక వినడమెందుకని ఇవాళ కావాలనే రాలేదు" అనెను.

లోపలినుండి ఆయన ఇల్లాలు గ్లాసు తీసికొనిపోవుటకు వచ్చి, "నిరుడు ఈ రోజులంతా మనం నెల్లూరులోనే ఉన్నాం గదండీ, అమ్మాయి పురిటికి" అనెను.

నేను ఆయన ముఖమువంక చూచితిని. ఒక్క రేఖయైనను కదలలేదు. కంబళి సవరించుకొని, పీటను నావైపు జరిపి, "అవునవును, నెల్లూరు! కూర్చోండి, మాస్టారూ. ధనుర్మాసం, తెల్లవారుజామున మూలస్థానేశ్వరుని గుళ్లో సన్నాయి..." అని ప్రారంభించెను.