ఇంటిల్లిపాదీ ఒక్క ఫోటోలో

నాకు రెండు కళ్లు. పై కంటిలోంచి మా అన్న చూస్తాడు, కింది కంటితో నేను పట్టుకుంటాను. యాషికా మ్యాట్ 124జి అంటారు నన్ను. పుట్టింది జపాన్‌లో. అనంతపురంలో ఒక స్టూడియో మూతపడితే మా అన్న సెకండ్‌హ్యాండ్‌లో కొని శింగనమలకు తెచ్చుకున్నాడు. ఊరంతా ఆయన్ని ఫోటో అన్న అంటుంది, నేనూ అంతే. రోలుకు 12 ఫోటోలు. ఊటీలో తయారయ్యే ఇందు ఫిల్ము దొరికినన్నాళ్లు నాకు అదే తిండి. నన్ను పొట్టకానించుకుని, తల వంచి చూడాలి. ఎదుటివాళ్లకు గురిపెట్టినట్టుండదు, దణ్ణం పెట్టినట్టుంటుంది. ముసలివాళ్లు నా ముందు బెదరకపోవడానికి అదే కారణమనుకుంటాను.

పంట పండిన ఏడు పెళ్లి ఫోటోలుంటాయి. ఇంటిల్లిపాదీ కలిసి ఫోటో దిగేది మాత్రం ఎక్కువగా కరువులోనే. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే జిల్లా మాది. శెనక్కాయ ఊడలు దిగే వేళకు ఆ వాన కూడా మొహం చాటేస్తే ఇక చేను పశువుల మేతకే. అప్పుడు జనం బెంగళూరు బస్సెక్కుతారు. ఎక్కేముందు మా దగ్గరికొస్తారు. మళ్లీ అందరం ఒకచోట ఎప్పుడుంటామో అని ఎవరూ పైకి అనరు. "ఊరికే, ఒకటుంటే మేలు గదన్నా" అంటారు.

అలా వచ్చిన ఒక ఇంటివాళ్లు నాకు బాగా గుర్తు. ఆలుమగలు, ముగ్గురు పిల్లలు, ఒక అవ్వ. మూటలు గడప బయటే పెట్టారు. పిల్లల్ని అవ్వ దగ్గర వదిలి ఆలుమగలు పోతున్నారు. అవ్వను కుర్చీలో కూర్చోబెట్టి లైటు వేయగానే ఆమె కొంగు చెవుల మీదికి లాక్కుంది. కమ్మలు కుదవలో ఉన్నాయి. అన్న ఏమీ అడగలేదు. లైటు అవతలి వైపుకి జరిపి, చిన్నపిల్లను ఆమె ఒళ్లో కూర్చోబెట్టి, "పాప తల మీద చెయ్యెయ్యి అవ్వా" అన్నాడు. ఆమె చెయ్యి పైకి లేచింది, కొంగు నిలిచింది, నేను నొక్కుకున్నాను. రెండు కాపీలు వేశాడు. ఒకటి బెంగళూరుకు, ఒకటి ఇంటికి.

ఇంకో తల్లి వచ్చింది. పెద్దకొడుకు అప్పటికే పనికి పోయాడు. "వాడికి కొంచెం జాగా వదులన్నా" అంది. వదిలాడు. ఉగాదికి కొడుకు వచ్చినప్పుడు అదే పరదా ముందు ఒక్కణ్ణే నిలబెట్టి తీసి, బ్లేడుతో కోసి, ఆ జాగాలో అతికించి, అతుకు కనబడకుండా కుంచెతో దిద్ది, దాన్ని మళ్లీ నాతోనే ఫోటో తీశాడు. వెలుగు కుడి నుంచి పడిందా ఎడమ నుంచి పడిందా అని చూసేవాళ్లకు తేడా తెలుస్తుంది. ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు.

మాకంటే ముందు, ఈ సీమ కూడా చూసిన ఒక కరువును ఫోటో తీసినవాడు ఒకడున్నాడు. 1876-78 నాటి ధాత కరువులో, మద్రాసు సైన్యంలో అధికారిగా ఉన్న విల్లోబీ వాలెస్ హూపర్. అప్పటికి మాకు వేరే జిల్లా లేదు, బళ్లారి కిందే ఉన్నాం. ఎముకల గూళ్లయిన మనుషుల్ని గుంపులుగా కూర్చోబెట్టి తీశాడు. తల్లులు, పిల్లలు, ముసలివాళ్లు. అవీ కుటుంబాల ఫోటోలే. కానీ తీసుకుపోయింది ఆయన, దిగినవాళ్ల చేతికి ఒక్కటీ రాలేదు. తీసి, వాళ్లను అలాగే వదిలేశాడన్న నింద ఆయన్ని వెంటాడింది. మా స్టూడియోకు వచ్చేవాళ్లు తల దువ్వుకుని వస్తారు, ఉన్నంతలో మంచి గుడ్డ కట్టుకుని వస్తారు. ఆకలి ఫోటోలో పడాలని ఎవరూ రారు. దాన్ని వెతికి పట్టుకోవడం నా పని కాదని మా అన్న దగ్గరే నేర్చుకున్నాను.

అప్పులకు తాళలేక చనిపోయిన రైతుల ఇళ్ల నుంచీ వచ్చారు. 2004లో ప్రభుత్వం అలాంటి కుటుంబాలకు లక్షన్నర రూపాయల సాయం ప్రకటించింది. కాగితాలకు చనిపోయిన మొగుడి ఫోటో విడిగా కావాలంటూ ఒకామె వచ్చింది. అన్న పాత కవర్లు వెతికి, ఆ ఇంటివాళ్లు అందరూ దిగిన నెగటివ్ తీశాడు. అందులోంచి ఆయన మొహం వరకు పెద్దది చేసి ఇచ్చాడు. ఆమె తీసుకుని, "ఇది ఆఫీసుకులే. గోడకు మాత్రం ఆయప్పను కోయొద్దన్నా, అందరం ఉండేదే పెద్దది చెయ్" అంది.

ఆఫీసుకు కావలసింది వేరు, ఇంటికి కావలసింది వేరు. 2006 ఫిబ్రవరి 2న మా నియోజకవర్గంలోని నార్పల మండలం బండ్లపల్లిలో ప్రధాని మన్మోహన్ సింగ్ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించాక, ఇంటింటికీ జాబ్ కార్డు, దాని మీద ఫోటో. ఫోటో ఖర్చు కూలీ మీద పడకూడదని పథకం నిబంధనల్లోనే ఉండేది, అది మంచి మాట. అయితే కార్డులో ఉండేది పని చేయగల పెద్దవాళ్లే. పిల్లల్ని పక్కకు నిలబెట్టాలి. ఆ ఫోటోలు నా తర్వాత వచ్చిన చిన్న డిజిటల్ కెమెరా తీసింది. సంచిలో నేనూ పోయాను. అటు కార్డు ఫోటో అవ్వగానే, పక్కన నిలబడిన పిల్లలు పరిగెత్తుకొచ్చి అమ్మానాన్నల మధ్య దూరేవాళ్లు. అప్పుడు అన్న నన్ను బయటికి తీసేవాడు. ఫిల్ము ఖరీదు కాబట్టి అన్ని ఇళ్లకూ కుదరలేదు.

2023 జనవరి నుంచి ఉపాధి హామీ పనిచోట కూలీల ఫోటోను రోజుకు రెండుసార్లు ఫోన్ యాప్‌లో ఎక్కించడం తప్పనిసరి చేశారు. ఆ మొహాలు హాజరు లెక్కకు పోతాయి, ఏ గోడకూ రావు. రోజుకు రెండు తీయగలిగినప్పుడు, ఏడాదికొకటి పిల్లాజెల్లాతో సహా తీసి, అచ్చువేసి ఆ ఇంటి చేతిలో పెట్టడం ఎంత పని? ఫోన్లున్నాయి గదా అంటారు. ఫోన్ పగిలిపోయి ఫోటోలన్నీ పోయాయని స్టూడియోకు వచ్చేవాళ్లను నేను చూస్తూనే ఉన్నాను.

నాకిప్పుడు ఫిల్ము దొరకడం కష్టం. దొరికిన రోలును అన్న ఇలాంటి ఇళ్లకే దాచి పెడతాడు. మొన్న చెరువు కట్ట దిగువ ఇంట్లో ఒకామె బెంగళూరు ప్రయాణానికి మూట కట్టుకుంటూ, "ఇప్పుడొద్దన్నా, సాయంత్రం రా. పిల్లోళ్లు బడి నుంచి వస్తారు, మా అత్త చేను నుంచి వస్తుంది" అంది. అన్న సరేనని, లెన్సుకు మూత పెట్టి, ఆ వేళకు ఇంటి ముందు ఎండ ఎటు పడుతుందో చూసుకుని వచ్చాడు.