పేజీ అవతల మిగిలిన పాట

ఇరవై ఏళ్లలో కంప్యూటర్ మీద రెండు నిందలు వేశాను. రెండూ అబద్ధాలే. రెండింటినీ జనం మారుమాట లేకుండా నమ్మారు. మనిషి మీద నింద వేస్తే వాడు తిరగబడతాడు, సాక్షులను పిలుచుకొస్తాడు. కంప్యూటర్ మీద వేస్తే తిరగబడేవాడు లేకపోగా, విన్నవాళ్లు తమ ఇంటి కంప్యూటర్ చేసిన ఆగడాలు కూడా చెప్పి మనల్నే ఓదారుస్తారు. ఆ ఓదార్పు రుచి మరిగినవాణ్ని నేను.

మాది కొండకల్. దుకాణం శంకర్‌పల్లిలో. బోర్డు మీద ‘డీటీపీ, జిరాక్స్, పెళ్లి కార్డులు’ అని ఉంటుంది. 1999లో తెరిచాను. మొదట్లో వచ్చిన పనుల్లో ఒకటి చిలుకూరు గుడి ప్రదక్షిణల చీటీ. మొక్కు తీర్చుకునేవాళ్లు నూట ఎనిమిది చుట్లు తిరుగుతూ లెక్క తప్పకుండా గడికో గీత కొట్టుకునే చీటీ అది. నేను 107 గడులే వేశాను. ప్లేటు చేసే ముందు ప్రెస్సాయన వేలు పెట్టి లెక్కపెట్టాడు కాబట్టి ఎవరి మొక్కూ ఒక చుట్టు తరుగు పడలేదు. నా బుద్ధి ఎంతటిదో ఆ గడిలోనే తెలిసిపోయి ఉండాల్సింది.

నాకు అన్నం పెట్టింది పేజ్‌మేకర్. 1985లో ఆల్డస్ అనే కంపెనీ తెచ్చింది. 1994లో ఆల్డస్‌ను అడోబీ కొనేసింది. 2001లో వచ్చిన 7.0తో వెర్షన్లు ఆగాయి, 2004లో ఇక దీన్ని పెంచబోమని కంపెనీయే చెప్పేసింది. అయినా తెలుగునాట డీటీపీ దుకాణాలు దాన్ని వదల్లేదు. మా తెలుగు ఫాంట్లన్నీ ఇంగ్లిష్ అక్షరాల చోట్లలో అద్దెకున్నవి. తలకట్టు ఒక చోట, కొమ్ము ఇంకో చోట, ఒత్తు మరో చోట. ఫాంటు ఉన్నంతసేపే అది తెలుగు. తీసేస్తే మిగిలేది టోపీలు పెట్టుకున్న ఇంగ్లిష్ అక్షరాల గుంపు. ఆ అద్దె కాపురం పేజ్‌మేకర్‌లో చక్కగా సాగేది.

మా పాత కంప్యూటర్ ఒక వానకాలం పిడుగుకు పోయింది. దాంతోపాటే పోయిన పేజ్‌మేకర్ బదులు ఇన్‌డిజైన్ సీఎస్6 కొన్నాను. 2012లో వచ్చిన ఆ వెర్షన్ విలువ నాకు ఇప్పుడు తెలిసినంతగా అప్పుడు తెలియదు. అది పేజ్‌మేకర్ ఫైళ్లను తెరిచేది. తెలుగుతో సహా పది భారతీయ భాషలను యూనికోడ్‌లో పేర్చే వసతి కూడా అందులోనే వచ్చింది. అంటే ఒక కాలు పాత గట్టు మీద, ఒక కాలు కొత్త గట్టు మీద వేసి నిలబడ్డ వెర్షన్ అది. 2013లో వచ్చిన తర్వాతి వెర్షన్ నుంచి పాత గట్టు మీది కాలు తీసేశారు. పేజ్‌మేకర్ ఫైళ్లు అందులో తెరుచుకోవు. ఈ సంగతి కంపెనీ దాచలేదు. నేను చదవలేదు.

2020 వేసవి. లాక్‌డౌన్. పెళ్లిళ్లు లేవు, కార్డులు లేవు. పని లేని చేతికి దురద ఎక్కువ. సీ డ్రైవు నిండి ఎర్రగీత చూపిస్తోంది. “కొత్త వెర్షన్ ఎక్కించు నాన్నా, అంతా ఇప్పుడు అదే వాడుతున్నరు” అంది మా బిడ్డ. ఎక్కించాను. మధ్యలో చిన్న గడి ఒకటి కనపడింది: పాత వెర్షన్లు తీసేయాలా? జాగా కలిసొస్తుందని టిక్కు పెట్టాను. అంతే. వంతెన దాటి, వెనక్కి తిరిగి, నా చేత్తో నేనే దాన్ని కూల్చి, ఇటుకలు పోయాయి స్థలం మిగిలింది అని సంతోషపడ్డాను. కొన్నప్పటి డబ్బా, దాని మీది నంబరు దుకాణం మారినప్పుడే ఎటో పోయాయి.

మూడేళ్లు ఏమీ తెలియలేదు. పెళ్లి కార్డుకు రెండో ముద్రణ ఉండదు కదా.

2023 జూన్‌లో మా ఊళ్లో రైలు కోచ్ ఫ్యాక్టరీ మొదలైంది. ముఖ్యమంత్రి వచ్చాడు, తోవ పొడుగునా జెండాలు. ఆ ఆగస్టులోనే పక్కనున్న మోకిలలో ప్లాట్ల వేలం గజం లక్ష దాటింది. అది పేపర్లో చదివిన వారమే మా సారు దుకాణం మెట్లెక్కారు. నాకు బళ్లో తెలుగు చెప్పిన సారు. 2004లో మా చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్ల దగ్గర బతుకమ్మ పాటలు రాసుకుని, పింఛను పైసలతో 96 పేజీల పుస్తకం వేసుకున్నారు. టైపు చేసి పేజీలు కట్టింది నేనే.

“పాడినోళ్లు సగం మంది లేరురా. ఊరు కూడా సగమే ఉన్నది. ఈ బతుకమ్మకు మళ్ల అయిదు వందలు వేద్దాం. నీ కాడ ఉన్నది గద?” అన్నారు.

ఉంది. సీడీ ఉంది, ఫైలు ఉంది, చివర పీఎండీ అని తోక కూడా ఉంది. డబుల్ క్లిక్ చేశాను. దీన్ని తెరవలేను అంది కంప్యూటర్. మళ్లీ నొక్కాను. మళ్లీ అదే మాట. సారు కళ్లద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నారు. నాకు మూడేళ్ల కిందటి ఆ గడి, అందులో నేను పెట్టిన టిక్కు, రెండూ కళ్లముందు కనపడ్డాయి.

అప్పుడు అన్నాను: “అప్‌డేట్ల తీసేసిండ్రు సార్. మనల్ని అడగరు, చెప్పరు. ఉన్నదాన్ని ఊడబీకుతరు.”

ఆ మాట ఎంత అందంగా వచ్చిందో ఇప్పటికీ గుర్తుంది. కోపం కూడా అసలైన కోపంలాగే వచ్చింది. ఎందుకు రాదు? అలాంటి అన్యాయాలు లోకంలో జరుగుతూనే ఉన్నాయి కదా. 2012లో విండోస్ 8 వచ్చినప్పుడు స్టార్ట్ బటన్ మాయమైంది. జనం మొత్తుకుంటే మరుసటి ఏడాది 8.1లో బటన్‌ను తిరిగి పెట్టారు. 2024 మేలో సోనోస్ స్పీకర్ల కంపెనీ కొత్త యాప్ వదిలితే అందులో అలారం మార్చుకునే వీలు లేదు, స్లీప్ టైమర్ లేదు. ఆ రగడ తర్వాత 2025 జనవరిలో ఆ కంపెనీ పెద్ద కుర్చీ దిగాడు. వాడేవాడి కడుపుమంట ఉత్తది కాదు. నా నేరమల్లా ఆ నిజమైన మంటల వరసలో నా దొంగమంట కూడా పెట్టి చలి కాచుకోవడం.

సారు నమ్మారు. నమ్మడమే కాదు, నా తరఫున వాదించారు. “కంప్యూటర్ల సంగతి వదిలిపెట్టు. మా వాచకంల ఱ ఉండె. బండి ఱ అంటుంటిమి. గుఱ్ఱం అని రాస్తే గుఱ్ఱం ఉరికినట్టే ఉండేది. ఎవడు తీసిండో తీసిండు. అరసున్న పాయె. ఎవడన్న మనల్ని అడిగిండా?” అన్నారు. తల ఊపాను. ఊపుతుంటే మెడ నొప్పి పుట్టింది.

సారు దగ్గర ఒక్క పుస్తకం మిగిలింది, అంచులు చెదలు కొట్టినది. మళ్లీ టైపు చేయాల్సిందే. “ఈసారి యూనికోడ్‌లో చెయ్యి నాన్నా” అంది బిడ్డ. యూనికోడ్ అంటే నాకు పడదు. పడకపోవడానికి కారణం వెతికి పెట్టుకున్నాను: 2018 ఫిబ్రవరిలో తెలుగు జ్ఞా రూపం ఒకటి మెసేజీలో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. “చూసినవా, మన అక్షరం దాంట్ల ఇముడదు” అని ఏళ్ల తరబడి చెప్పుకు తిరిగాను. ఆ నెల తిరక్కుండానే ఒక అప్‌డేట్ వచ్చి దాన్ని బాగుచేసిందన్న సగం మాత్రం ఎవరికీ చెప్పలేదు. తీసేసే అప్‌డేట్లు గుర్తుంటాయి, బాగుచేసేవి ఎవరికి గుర్తుంటాయి?

బిడ్డ చూపిస్తే తెలిసింది. యూనికోడ్ పట్టికలో బండి ఱకు చోటుంది, అరసున్నకు చోటుంది. మీద రెండంకె ఎక్కించుకున్న ౘ, ౙ లకు కూడా 2008లో చోటిచ్చారు. ఇంకొక మాట కూడా ఉంది: ఒకసారి పట్టికలోకి ఎక్కిన అక్షరాన్ని ఎన్నటికీ తీసేయబోమని, చోటు కూడా మార్చబోమని వాళ్లు రాసిపెట్టుకున్న నియమం. వాచకం వదిలేసిన అక్షరాలకు అక్కడ పట్టా దొరికిందన్నమాట. నేను ఇరవై ఏళ్లు అద్దె ఇంట్లో ఉంటూ సొంత ఇంటిని తిట్టుకున్నాను.

రోజూ సాయంత్రం సారు చదవడం, నేను కొట్టడం. యాభై రెండు పేజీలు అయ్యాయి. వేళ్లకు కొత్త కీబోర్డు అలవాటు కాక ఒత్తు పడాల్సిన చోట అక్షరం, అక్షరం పడాల్సిన చోట ఒత్తు. అంతలో బంధువుల పనిమీద చేవెళ్ల పోయాను. బస్టాండు దగ్గర నాకంటే ముందు నుంచీ ఈ పనిలో ఉన్న ఆపరేటర్ అన్న దుకాణంలో చాయ్ తాగుతూ నా గోడు వెళ్లబోసుకున్నాను. అదే పాట: తీసేసిండ్రు, ఊడబీకిండ్రు. అన్న నన్ను ఎగాదిగా చూసి, కుర్చీ పక్కకు జరిపాడు. వెనక మూలకు దుమ్ము పట్టిన సీపీయూ, దాని తెర మీద పేజ్‌మేకర్.

“నా కాడ ఉన్నది గదనే. ఒక్క ఫోన్ కొట్టకపోతివి?”

చంకన పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అంటారే, నాది అంతకంటే హీనం. నేను వెతకనైనా లేదు. తిట్టడంలో ఎంత సుఖం దొరికిందంటే, అడగాలన్న ఆలోచనే రాలేదు.

మర్నాడు సీడీ పట్టుకుపోయాను. ఫైలు తెరుచుకుంది. అన్న పేజీ మొత్తం కనపడేలా దూరం జరిపాడు. పేజ్‌మేకర్‌లో కాగితం చుట్టూ తెల్లటి ఖాళీ జాగా ఉంటుంది. పనిచేసే బల్ల లాంటిది. పేజీలో పట్టనివి, తర్వాత చూద్దాంలే అనుకున్నవి దాని మీద పెట్టుకుంటాం. ప్రింటులోకి రావు. తమాషా ఏమిటంటే ఆ బల్ల అన్ని పేజీలకూ ఒకటే. ఏ పేజీకి పోయినా అక్కడ పెట్టింది పక్కనే కనపడుతుంది.

అక్కడ ఒక పాట ఉంది.

అన్న పేజీలు తిప్పుతున్నాడు. పన్నెండో పేజీ, పక్కన ఆ పాట. నలభయ్యో పేజీ, పక్కన ఆ పాట. తొంభై ఆరుకు వచ్చినా అది అక్కడే నిలబడి ఉంది, పంక్తిలో చోటు దొరకని చుట్టంలా.

గుర్తొచ్చింది. పదహారు పేజీలకు ఒక ఫారం. ఆరు ఫారాలకు 96. చివరి పాట 97లోకి పొర్లింది. ఇంకో ఫారం కట్టాలంటే అయిదు వందల కాపీలకు అయిదు వందల తావులు, అంటే ఇంకో రీము కాగితం. సారును అడిగితే ఎక్కడో అప్పు చేస్తారని, నిజం చెప్పాలంటే మళ్లీ పేజీలు కట్టే ఓపిక నాకు లేక, ఒక పాటను లాగి బల్ల మీద పెట్టాను. అత్తారింట్లో కూర్చుని పుట్టింటి తోవలో చెట్లను ఒక్కొక్కటే లెక్కపెట్టుకునే పాట అది. ప్రూఫులో లేదేమని సారు అడిగితే “కంప్యూటర్ల పట్టలేదు సార్” అన్నాను. పుస్తకం వచ్చాక పాడినామె కూతురు దుకాణానికి వచ్చి, పేజీలన్నీ రెండుసార్లు తిప్పి, “మా అమ్మ పాట ఏది తమ్మీ?” అంటే ఆమెకూ అదే చెప్పాను. కంప్యూటర్ల పట్టలేదక్కా. ఆమె దాని వైపు ఒకసారి చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయింది. అది నా మొదటి నింద.

అంటే ఉన్నదాన్ని ఊడబీకి, అడగకుండా, చెప్పకుండా అప్‌డేట్ చేసినవాడు ఎక్కడో అమెరికాలో లేడు. కొండకల్‌లో ఉన్నాడు. వాడికీ ఒక లెక్క ఉంది, ఒక రీము మిగులు ఉంది, ఒక్కరికోసం మళ్లీ ఎవరు చేస్తారన్న విసుగు ఉంది. తీసేసేవాడి మనసు ఎలా ఉంటుందో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

సారుకు చెప్పాను, రెండు నిందలూ వరసగా. సారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత “యాభై మూడో పేజీ తియ్యి” అన్నారు. దారి దొరికింది కదా, పాత ఫైలునే వేసేద్దామా అంటే వద్దన్నారు. ఎన్నటికీ తీసేయబోమని మాటిచ్చిన యూనికోడ్‌లోనే ఉండనీ అన్నారు. కొత్త ముద్రణ 112 పేజీలు, ఏడు ఫారాలు. పాట చేరింది. దానికి పోగా మిగిలిన పేజీలు తెల్లగానే వదిలేయమన్నారు, గుర్తున్నోళ్లు గుర్తున్నది రాసుకుంటారని.

మొదటి కాపీ పట్టుకుని ఆ పాట పాడినామె కూతురి ఇంటికి పోయాను. ఇరవై ఏళ్ల కిందటి సంగతి మొదటి నుంచి చెప్పాను. పట్టకపోవడం కాదు, నేనే పక్కన పెట్టాను అని. ఆమె పేజీ మీద చెయ్యి పెట్టి అక్షరాల వెంబడి వేలు జరుపుతూ, పాట అయిపోయేదాకా తల ఎత్తలేదు. అయిపోయాక అడిగింది:

“ఒక్క రీము కాగితం తమ్మీ? నాకు చెప్తే నేనియ్యకపోదునా?”