కోటిపల్లి జవానుకు పింఛనేదీ?

కాకినాడ–కోటిపల్లి లైన్లో ప్రయాణికుల బండి తిప్పడం గిట్టుబాటు కాదన్న మాట ఈ వారం మళ్లీ బయటికొచ్చింది. మీరూ చదివే ఉంటారు. టికెట్ల డబ్బు ఖర్చులకు చాలదట. చాలదనే అనుకుందాం. నా పేచీ లెక్కతో కాదు, ఆ లెక్క రాసిన ఖాతాతో. ఇది రైల్వే పద్దు కాదండీ, రక్షణ శాఖ పద్దు. కోటిపల్లి లైను మాజీ సైనికుడు మరి!

సర్వీసు పుస్తకం తిప్పి చూడండి. పుట్టింది 1928లో. కాకినాడ నుంచి రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా గౌతమి ఒడ్డు దాకా సుమారు 45 కిలోమీటర్ల పొడుగు. ఆ పొడుగు చూసి ముచ్చటపడ్డారేమో, 1940లో దొరలు పటాలంలోకి లాక్కున్నారు. యుద్ధానికి ఇనుము కావాలని పట్టాలన్నీ ఊడబెరికి పట్టుకుపోయారు. అప్పటికి మనవాడికి పన్నెండేళ్లు. మీసమైనా మొలవని పిల్లాణ్ని యుద్ధానికి తోలడమేమిటని ఎవరూ అడగలేదు. పట్టాలు పీకితే ఆ ఊళ్లకు గిట్టుబాటవుతుందా అని కూడా అడగలేదు.

1945లో యుద్ధం అయిపోయింది. మనవాడు మాత్రం ఇంటికి రాలేదు. కేరళలో షోరనూరు–నీలంబూరు లైనూ ఇలాగే 1941లో వెళ్లి, 1954కల్లా తిరిగొచ్చి డ్యూటీలో చేరిపోయింది. కాంగ్రా లోయలో జోగీందర్‌నగర్ వైపు పీకేసిన ముక్కనూ 1954లోనే మళ్లీ వేశారు. మనవాడు గడప తొక్కింది 2004లో. నడుమ దొరలు పోయారు, రాష్ట్రం పేరు రెండుసార్లు మారింది. వాణ్ని వెనక్కి రప్పించాలని పట్టుబట్టిన అమలాపురం ఎంపీ, లోక్‌సభ స్పీకర్ బాలయోగి 2002లోనే హెలికాప్టర్ ప్రమాదంలో వెళ్లిపోయారు.

అరవై నాలుగేళ్లకు తిరిగొచ్చినవాడికి మనం చేసిన సన్మానమేమిటి? ఒంటిపెట్టె రైల్‌బస్సు. మెడల్ లేదు, మిలిటరీ క్యాంటీన్ కార్డు లేదు. ‘ఒకే ర్యాంకు, ఒకే పింఛను’ అని ఢిల్లీలో అంత గొడవ జరిగిందే! ఒకే యుద్ధానికి వెళ్లిన నీలంబూరుకు ఎన్ని బళ్లో కోటిపల్లికీ అన్ని ఉండొద్దూ?

పోనీ, పింఛనుకు దరఖాస్తు పెట్టించాననుకోండి. కౌంటర్ దగ్గర సంభాషణ ఇలా సాగుతుంది.

“బతికున్నట్టు రుజువేదీ? వేలిముద్ర వెయ్యి.”

“నాకు వేళ్లుండవండీ. చక్రం తిరిగితేనే ముద్ర.”

“అయితే తిప్పు.”

“2020 మార్చిలో కరోనా అని ఆపేశారండి.”

“కరోనా పోయిందిగా?”

“నాకెవరూ చెప్పలేదండి. యుద్ధం అయిపోయిందన్న సంగతీ నాకు ఆలస్యంగానే తెలిసింది.”

“ముద్ర పడందే పింఛను రాదు.”

“పింఛను వస్తేగానీ చక్రం తిరగదంటున్నారండి మీవాళ్లు.”

“సరే, నీ మీద ఆధారపడ్డవాళ్లు ఎవరైనా ఉన్నారా?”

“కొడుకున్నాడండి, కోటిపల్లి–నరసాపురం లైను. 2000–01లో మంజూరయ్యాడు. 57 కిలోమీటర్లు ఎదగాలి. గౌతమి, వైనతేయ, వసిష్ఠ మూడూ దాటాలి. ఇంకా ఏట్లోనే ఉన్నాడండి, బాబు.”

“పాతికేళ్లు నిండాయన్నమాట. రూలు ప్రకారం డిపెండెంటు కాడు. నెక్స్ట్!”

ఫైలు అక్కడితో ఆగదు. రైల్వేవాళ్లు రక్షణ శాఖకు రాస్తారు. పట్టాలు తీసుకెళ్లింది మేం కాదు, బ్రిటిష్ సర్కారని వాళ్లు లండన్‌కు రాస్తారు. పట్టాలకు రసీదు జతచేయండని లండన్ అడుగుతుంది. రసీదు కోసం మనవాళ్లు రామచంద్రపురం స్టేషన్ మాస్టర్ని అడుగుతారు. బళ్లే లేనిచోట మాస్టరెందుకని ఇంకో ఫైలు మొదలవుతుంది.

ఇంత వేళాకోళం ఆడినా ‘గిట్టుబాటు’ అన్న మాట మాత్రం నా గొంతు దిగడం లేదు. ఈ లైను పక్కన ఉన్న ఊళ్ల జనం పొద్దున్నే వెళ్లాల్సింది కాకినాడకు. ఉన్న ఒక్క పెట్టేమో పొద్దున కాకినాడ నుంచి కోటిపల్లికి బయల్దేరేది! కాలేజీ పిల్లాడు ఎక్కలేడు, కాకినాడ ఆస్పత్రిలో ఓపీ చీటీ రాయించుకోవాల్సిన ముసలమ్మ ఎక్కలేదు. ఎవరికీ అక్కరకు రాని వేళకు బండి నడిపి, ఎవరూ ఎక్కడం లేదని రాసుకోవడం వ్యాపారం కాదు, దగా. కోట్లు పోసి కట్టిన ఫ్లైఓవర్ మీద నిలబడి లాభమెంత అని ఏ అధికారీ అడగడు. పల్లె రైలును చూడగానే అందరికీ బ్యాలెన్స్ షీట్ గుర్తొస్తుంది. అటు మన తాతల నాటి పట్టాలు ఉచితంగా పోయాయి, ఇటు వాటి చోట కొత్తవి మన పన్నులతోనే వేశారు. ఒకే లైనుకు రెండుసార్లు మూల్యం చెల్లించినవాళ్లను మూడోసారి లాభం చూపించమంటున్నారు. సిగ్గుండాలి.

కాకినాడ ఎంపీ గారూ, అమలాపురం ఎంపీ గారూ, మీరిద్దరూ కలిసి ఒక్క కాగితం మీద సంతకం పెట్టండి. పొద్దున కోటిపల్లి నుంచి కాకినాడకు, సాయంత్రం కాకినాడ నుంచి కోటిపల్లికి నాలుగు పెట్టెల బండి ఒక ఏడాది తిప్పమని రైల్వే బోర్డును అడగండి. ఏడాది తిరిగాకే లాభనష్టాల మాట ఎత్తమనండి.