లాప్‌టాప్ హ్యాంగైతే ముందు చేతులు కట్టుకోండి

లాప్‌టాప్ స్లో అయిందని ఎవరైనా అడిగితే నేను చెప్పే సలహాలు వాళ్లకి తలకిందులుగా తోస్తాయి. యాంటీవైరస్ కొనొద్దంటాను, క్లీనర్ వేయొద్దంటాను, రిఫ్రెష్ కొట్టొద్దంటాను. ఈడ్చుకుంటూ నడిచేదాన్ని వదిలేసి, చకచకా పనిచేసే లాప్‌టాప్‌ని ముందు అనుమానించమంటాను. వింతగా ఉన్నా ఇవే సరైనవని నా గట్టి నమ్మకం. బాగుచేసే తొందరలో పెళ్లి ఫొటోలు, సర్టిఫికెట్ల స్కాన్లు, పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు పోగొట్టుకున్నవాళ్లు మన చుట్టూ ఎంతమందో ఉన్నారు.

కాబట్టి మొదట ఏమీ చేయకండి. వారం పదిరోజులు మూసి ఉంచిన విండోస్ లాప్‌టాప్ ఆన్ చేయగానే దాని సొంత పనులన్నీ ఒక్కసారిగా మొదలవుతాయి. అప్‌డేట్లు దిగుతాయి, విండోస్ సొంత యాంటీవైరస్ డిఫెండర్ ఫైళ్లు వెతుకుతుంది, సెర్చ్ ఇండెక్స్ తయారవుతుంది, ఫొటోలు క్లౌడ్‌లోకి ఎక్కుతాయి. సరిగ్గా అప్పుడే మనం పాన్ కార్డు కాపీ కోసం నాలుగు విండోలు తెరుస్తాం. చార్జర్ పెట్టి, నెట్ కలిపి ఓ గంట వదిలేస్తే చాలాసార్లు అదే దారికొస్తుంది. విసుగొచ్చి పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేశారంటే సగంలో ఉన్న అప్‌డేట్ మళ్లీ మొదటికొస్తుంది. ఒక్కోసారి విండోసే లేవదు.

డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ చేసి టకటకా రిఫ్రెష్ కొట్టడం మనవాళ్ల చేతికి పట్టిన అలవాటు. ఐకాన్లను మళ్లీ చూపించడం తప్ప దానివల్ల ఒరిగేదేమీ లేదు, మెమరీ ఒక్క ఎంబీ కూడా ఖాళీ కాదు. ‘రాత్రి షట్‌డౌన్ చేశానండీ, పొద్దున్న మళ్లీ అదే తంతు’ అంటుంటారు. 2012లో విండోస్ 8తో ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు వచ్చింది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ కొట్టినా విండోస్ మూలభాగం తన స్థితిని డిస్కు మీద దాచుకుని, మర్నాడు అక్కడినుంచే లేస్తుంది. టాస్క్ మేనేజర్‌లో అప్‌టైమ్ చూడండి, రోజూ షట్‌డౌన్ చేసే లాప్‌టాప్‌లో కూడా రోజులకు రోజులు కనిపిస్తుంది. రీస్టార్ట్ చేస్తేనే అన్నీ కొత్తగా మొదలవుతాయి. ఇక ప్రీఫెచ్ ఫోల్డర్ ఖాళీ చేయమనే చిట్కా పూర్తిగా తప్పు. ప్రోగ్రాములు త్వరగా తెరుచుకోవడానికి విండోస్ రాసిపెట్టుకున్న లెక్కలే అందులో ఉంటాయి. వాటిని చెరిపేస్తే మళ్లీ మొదటినుంచీ రాసుకోవాలి.

గంట ఆగి, రీస్టార్ట్ చేశాక కూడా అలాగే ఉంటే అప్పుడు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందరూ సీపీయూ అంకె చూస్తారు. మీరు డిస్కు చూడండి. నాలుగైదేళ్ల కిందటి లాప్‌టాప్, అందులోనూ తిరిగే హార్డ్‌డిస్కు ఉన్నదైతే డిస్కు 100 శాతం దగ్గర ఆగిపోయి ఉండటం మామూలే. పెర్ఫార్మెన్స్ ట్యాబులోకి వెళ్లి ఆ డిస్కు మీద నొక్కితే అసలు సంగతి కనిపిస్తుంది. యాక్టివ్ టైమ్ నూటికి నూరు. చదివే వేగం మాత్రం సెకనుకు ఒకటి రెండు ఎంబీలు. రెస్పాన్స్ టైమ్ వందల మిల్లీసెకన్లు. అంత కష్టపడుతూ అంత తక్కువ పని ఎందుకు చేస్తోంది? లాప్‌టాప్ హార్డ్‌డిస్కు ఎక్కువగా నిమిషానికి 5400 చుట్లు తిరుగుతుంది, అంటే ఒక్క చుట్టుకు 11 మిల్లీసెకన్లు. ఒక్కో ముక్క కోసం లోపలి హెడ్డు జరగాలి, పళ్లెం తిరిగి రావాలి. చెల్లాచెదురుగా ఉన్న ముక్కలను అలా ఏరుకోవాలంటే సెకనుకు వంద కూడా కష్టం. ర్యామ్ 4 జీబీయే అయితే మెమరీ చాలక విండోస్ ఆ డిస్కునే మెమరీగా వాడుకుంటుంది, దాంతో మౌస్ కూడా కదలదు. ఏ యాంటీవైరసూ దీన్ని నయం చేయలేదు. ఎస్‌ఎస్‌డీ వేయించి, వీలుంటే ర్యామ్ 8 జీబీ చేస్తే ఆ లాప్‌టాపే కొత్తదానిలా లేస్తుంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్ లాంటి చోట ఇది కాసేపటి పని. కొత్త లాప్‌టాప్‌కి ఈఎంఐ కట్టబోయే ముందు ఈ ఒక్కటీ చేసి చూడండి.

ఇక్కడే ఒక హెచ్చరిక. ఫోల్డరు తెరవగానే నిమిషం పాటు బిగుసుకుపోవడం, లోపల టక్ టక్ మనే చప్పుడు, ఈవెంట్ వ్యూయర్‌లో బ్యాడ్ బ్లాక్ అనే ఎర్రర్లు: ఇవి డిస్కు చనిపోతోందనడానికి గుర్తులు. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాము పసుపు రంగులో ‘కాషన్’ అని చూపిస్తే ఇక ఆలస్యం వద్దు. అప్పుడు ఎవరో చెక్‌డిస్క్ వేయమంటారు. వేయకండి. బ్యాడ్ సెక్టార్లు వెతికే పద్ధతిలో నడిపితే అది డిస్కునంతా గంటల తరబడి చదువుతుంది, ఉన్న కాస్త ప్రాణం అందులోనే పోవచ్చు. ముందు మీ ఫైళ్లు బయటి డిస్కులోకి కాపీ చేసుకోండి. మిగతా రిపేర్లన్నీ ఆ తర్వాతే.

ఫ్యాను హోరెత్తిపోతూ అడుగు కాలిపోతుంటే వేడికి ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటోందన్నమాట. పరుపు మీద పెట్టి వాడటం మానండి, లోపలి దుమ్ము తీయించండి, థర్మల్ పేస్టు మార్పించండి.

ఇప్పుడు వైరస్ సంగతి. స్లో అయితే వైరస్ ఎక్కినట్టేనన్నది పాతకాలపు లెక్క. 2017 మేలో వానాక్రై అనే మాల్వేర్ వచ్చినప్పుడు ఫైళ్లకు తాళం వేసి, డబ్బు కట్టమని తెర మీదే నోటీసు పెట్టింది, దాచుకోలేదు. ఇవాళ్టి దొంగలు చప్పుడు చేయరు. లుమా అనేదాన్ని చూడండి. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డులు, లాగిన్ కుకీలు ఎత్తుకుపోవడమే దాని పని. 2025 మార్చి మధ్య నుంచి మే మధ్య వరకు రెండు నెలల్లో అది సోకిన 3,94,000కు పైగా విండోస్ కంప్యూటర్లను గుర్తించామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. ఇలాంటివి వచ్చి, పని ముగించుకుని పోతాయి; లాప్‌టాప్ వేగంలో మీకు తేడా తెలియదు. మీ లాప్‌టాప్‌తో క్రిప్టో కరెన్సీ తవ్వుకునే క్రిప్టో మైనర్లు దీనికి ముఖ్యమైన మినహాయింపు. ఏ పనీ లేనప్పుడు ఫ్యాను గింగిరాలు తిరుగుతూ, టాస్క్ మేనేజర్ తెరవగానే చల్లబడిపోతే వాటిని అనుమానించాలి.

అందుకే ‘స్లో అయిందా’ అని అడగను, ‘ఏం ఎక్కించారు’ అని అడుగుతాను. క్రాక్ చేసిన ఫొటో ఎడిటర్, ఉచితంగా విండోస్ యాక్టివేట్ చేసే టూలు, గేమ్ చీట్. వీటిలో ఏదైనా వేశారా? మీరు రోబో కాదని నిరూపించుకోమంటూ విండోస్ కీ, ఆర్ నొక్కించి, ఏదో పేస్ట్ చేయించి, ఎంటర్ కొట్టించిన సైటు ఏదైనా తగిలిందా? నిజమైన క్యాప్చా ఏదీ అలా అడగదు. దేనికైనా అవునన్నది మీ జవాబైతే లాప్‌టాప్ ఎంత చురుగ్గా ఉన్నా పరీక్ష తప్పదు.

ఆ పరీక్షకు కొనాల్సిందేమీ లేదు. విండోస్ సెక్యూరిటీలోకి వెళ్లి ముందుగా ఎక్స్‌క్లూజన్స్ చూడండి. నన్నడిగితే స్కాన్ కన్నా ముఖ్యమైన చోటు ఇదే, ఎవరూ చూడనిదీ ఇదే. డిఫెండర్ ఏ ఫోల్డర్లను వెతకకూడదో ఆ జాబితాలో ఉంటుంది. కొన్ని రకాల మాల్వేర్ దిగగానే తన పేరు అందులో చేర్చుకుంటుంది. క్రాకులైతే మన చేతే చేర్పిస్తాయి. మీకు తెలియనివన్నీ తీసేసి, తర్వాత ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టండి. అది రీస్టార్ట్ చేసి, విండోస్ లేవకముందే వెతుకుతుంది కాబట్టి దాక్కునే వీలు తక్కువ. బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లు, నోటిఫికేషన్ అనుమతులు కూడా చూడండి. మూలన వచ్చి ‘మీ పీసీలో 5 వైరస్‌లు’ అని భయపెట్టేవి చాలావరకు మనం అలో కొట్టిన సైటు పంపే నోటిఫికేషన్లే. అందులో ఫోను నంబరు కనిపిస్తే చేయొద్దు. రెండో అభిప్రాయం కావాలంటే కేంద్ర ప్రభుత్వపు సైబర్ స్వచ్ఛతా కేంద్ర ఉచితంగా ఇచ్చే టూల్స్ ఉన్నాయి. రెండు యాంటీవైరస్‌లు మాత్రం ఒకేసారి నడపకండి, ఒకదాన్నొకటి అడ్డుకుని మీ లాప్‌టాప్‌ని నలిపేస్తాయి. క్లీనర్లంటే ఇంకా మోజుంటే, 2017 ఆగస్టులో సీక్లీనర్ అసలు సైటు నుంచి దిగిన వెర్షన్‌లోనే హ్యాకర్లు మాల్వేర్ కలిపారని, అది 20 లక్షలకు పైగా కంప్యూటర్లకు చేరిందని గుర్తుపెట్టుకోండి.

పాస్‌వర్డులు ఎత్తుకుపోయే రకం దొరికితే స్కానర్ ‘తీసేశాం’ అన్నా నమ్మి ఊరుకోకండి. వేరే ఫోను నుంచో, కంప్యూటర్ నుంచో పాస్‌వర్డులు మార్చండి. అన్ని డివైజుల నుంచీ సైన్ అవుట్ కొట్టండి, ఎందుకంటే దొంగ చేతిలో ఉన్న కుకీకి పాస్‌వర్డుతో పనిలేదు. ఫొటోలు, డాక్యుమెంట్లు మాత్రమే కాపీ చేసుకుని విండోస్ కొత్తగా వేయించండి. ఫార్మాట్‌కి నేను ఒప్పుకునేది ఇక్కడ ఒక్కచోటే. డబ్బు పోయిందని తెలిస్తే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

చివరిగా షాపుకు వెళ్లేవాళ్లకు ఒక మాట. కౌంటరు దగ్గర కుర్రాడు ‘ఫార్మాట్ కొట్టేద్దాం అంకుల్’ అనగానే తలూపకండి. ‘ముందు డేటా కాపీ చేసి నాకు తెరిచి చూపించు బాబూ’ అనండి. అలా చూపించనంటే లాప్‌టాప్ తీసుకుని వచ్చేయండి.