ఎయిర్‌పోర్టు కాడ మా ఊరు

కర్ణాటకలో మా శిడ్లఘట్ట పిల్లోడు 'బస్సులో ఉన్నాను' అనడానికి 'ఇన్ ద బస్' అని రాస్తాడు. ఎర్రసిరా సర్రున దిగుతుంది. బస్సుకు 'ఆన్' అట, కారుకు 'ఇన్' అట. ఎందుకు సార్ అంటే, లేచి నిలబడి నాలుగడుగులు వేయగలిగిన బండికి 'ఆన్', ముడుచుకుని కూర్చునే దానికి 'ఇన్'. ఈ సూత్రం కనిపెట్టినాయన పొద్దునపూట చింతామణి బస్సు ఎక్కిన పాపాన పోలేదు. అందులో నాలుగడుగుల మాట దేవుడెరుగు, ఎత్తిన కాలు దించడానికే చోటుండదు. ఫుట్‌బోర్డు పట్టుకుని వేలాడేవాడొక్కడే న్యాయంగా 'ఆన్'.

పోనీ ఆ దొరలకైనా ఒక మాట మీద నిలకడ ఉందా? వీధిలో కాపురముంటే లండనువాడు 'ఇన్ ద స్ట్రీట్' అంటాడు, న్యూయార్కువాడు 'ఆన్ ద స్ట్రీట్' అంటాడు. గది మూలకు 'ఇన్', వీధి మూలకు 'ఆన్', కాదంటే 'ఎట్'. ఒకరి పేపరు ఒకరు దిద్దుకుంటే ఇద్దరికీ సున్నాలే. మార్కు పోయేది మాత్రం మా పిల్లోడికి.

వాడికి ఏది ఎక్కడుందో తెలీకనా? ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, పట్టుగూళ్ళ మార్కెట్లో ఉర్దూ. మూడింట్లోనూ ఊరి పేరు ముందు నడుస్తుంది, 'లో' వెనకాల వస్తుంది. పట్టుపురుగు ఆకు మీదుందా, గూడు కట్టే వెదురు చంద్రిక ఎక్కిందా, గూటి లోపలుందా, తొలుచుకుని బయటపడిందా అని నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. పురుగు బయటపడితే దారం తెగుతుంది, గూటికి ధర పడిపోతుంది. లోపలికీ బయటికీ తేడా వాళ్ళింట్లో అప్పు తీరడానికీ తీరకపోవడానికీ ఉన్న తేడా. అలాంటివాడికి ప్రిపోజిషన్లు రావని ప్రోగ్రెస్ కార్డు!

ఇక పెద్దోళ్ళ వ్యాకరణం చూడండి. 2008లో దేవనహళ్ళి కాడ బెంగళూరు ఎయిర్‌పోర్టు తెరిచారు. అప్పట్నుంచీ ఈ దిక్కు పొలాలకు 'నియర్' పట్టుకుంది. శిడ్లఘట్ట నుంచి ఎయిర్‌పోర్టుకు ముప్పై కిలోమీటర్ల పైమాటే. ఐతేనేం, తలెత్తితే విమానం కనబడుతుంది కదా, కిందున్న లేఅవుటు 'నియర్ ఎయిర్‌పోర్ట్'! నంది కొండ కొన కనబడితే 'ఎట్ నంది హిల్స్'. నిన్నటిదాకా మల్బరీ తోట, ఇవాళ తెల్లరాళ్ళు, రంగు జెండాలు. ఆ బోర్డు మీద ఎర్రసిరా గీసిన అయ్యవారు ఇంతవరకూ కనబడలేదు. ఎలా కనబడతాడు? ఆయనా కంతుల మీద అక్కడే ఒక సైటు కొన్నాడు.

సర్కారువారి 'ఇన్' ఇంకా ఘనం. 2025 మేలో రామనగర జిల్లాను బెంగళూరు దక్షిణం చేశారు. జులై 2న మంత్రివర్గం నంది కొండ మీదే సమావేశమై బెంగళూరు గ్రామీణ జిల్లాను బెంగళూరు ఉత్తరం చేయాలని తీర్మానించింది. జనం కదల్లేదు, బస్సు ఛార్జీ పెట్టలేదు. కూర్చున్నచోటే దిక్కు మారి పట్నవాసులైపోయారు. (దిక్కులింకా రెండు మిగిలున్నాయి. చుట్టుపక్కల జిల్లాలు జాగ్రత్తగా ఉండాలి.) ఆ సమావేశంలోనే మా జిల్లాలోని బాగేపల్లికి భాగ్యనగర అని పేరు ఖాయం చేశారు. హైదరాబాదును భాగ్యనగరమని పిలుచుకునే తెలుగువాళ్ళకు ఇది మంచి సౌకర్యం. అబ్బాయి భాగ్యనగరంలో స్థిరపడ్డాడని పెళ్ళిళ్ళ పేరయ్య చెబితే, అందులో వెతికినా అబద్ధం దొరకదు.

కాబట్టి పై ఏడాది ప్రశ్నపత్రంలో ఈ ఖాళీ ఇవ్వమని మనవి: 'ద సైట్ ఈజ్ డ్యాష్ ద ఎయిర్‌పోర్ట్'. 'ఫార్ ఫ్రమ్' అని ఉన్నదున్నట్టు రాసినోడు ఫెయిలు. 'నియర్' అన్నోడికి ఫుల్ మార్కులు. 'నెక్స్ట్ టు' అని రాసినోడిని మాత్రం రిజల్టు దాకా ఆగకుండా పరీక్ష హాలు నుంచే ఎత్తుకుపోతారు, లేఅవుటు ఆఫీసులో కుర్చీ వేసి కూర్చోబెట్టడానికి.